పక్కవాడితోనే పేచీ

2023 జనవరి 28, శనివారం సాయంత్రం. హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం కిక్కిరిసిపోయింది. లోపల 'వాల్తేరు వీరయ్య' విజయోత్సవం. వేదిక మీద చిరంజీవి, రామ్‌చరణ్. లోపల ఎంతమంది ఉన్నారో గేటు బయట అంతమంది ఉన్నట్టుంది. ఒక్కసారిగా తోపులాట... పలువురికి గాయాలు. ఆ రోజు వార్త అదే.

ఆ సంక్రాంతికి అంతకంటే పెద్ద తోపులాట ఇంకొకటి జరిగింది. దానికి గేటూ లేదు, మైదానమూ లేదు. జనవరి 12న బాలకృష్ణ 'వీరసింహారెడ్డి', ఆ మర్నాడే చిరంజీవి 'వాల్తేరు వీరయ్య' విడుదలయ్యాయి. ఇక చూడాలి... ఎవరి సినిమాకి ఎన్ని థియేటర్లిచ్చారు, మొదటిరోజు ఎవరెంత వసూలు చేశారు, ఎవరి లెక్కలు దొంగలెక్కలు అంటూ చాయ్ బండి దగ్గరా, హాస్టల్ గదిలోనూ, సెల్‌ఫోన్‌లోనూ ఒకటే యుద్ధం. చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా ఆ వారం రోజులూ మొహమొహాలు చూసుకోలేదు.

తమాషా ఏమిటంటే, ఆ రెండు సినిమాలనూ తీసింది ఒకే సంస్థ... మైత్రీ మూవీ మేకర్స్. రెండింట్లోనూ కథానాయిక ఒక్కరే... శ్రుతిహాసన్. 'మా సినిమా గొప్ప' అని ఒకడూ, 'కాదు మాదే గొప్ప' అని ఇంకొకడూ చొక్కాలు పట్టుకుంటుంటే, ఇద్దరి టిక్కెట్ డబ్బులూ చేరింది ఒకే గల్లాపెట్టెకి!

అభిమానుల గొడవలో అసలు కిటుకు ఇదే. పైన ఉన్నవాళ్లకి పేచీ లేదు. పేచీ అంతా కిందే, పక్కపక్కన కూర్చున్నవాళ్ల మధ్యే.

* గోడమీద పేడ

ఇది ఈనాటి జబ్బు కాదు. ఎన్టీఆర్, ఏఎన్నార్‌ల కాలంలోనే మొదలైంది. కొత్త సినిమా పోస్టరు అంటించిన తెల్లారికల్లా దానిమీద పేడముద్ద పడేది. ఎవరు కొట్టారో ఊరందరికీ తెలిసేది. ఆ సాయంత్రానికి అవతలి హీరో పోస్టరుకీ అదే మర్యాద!

విజయావారు 'గుండమ్మ కథ' తీసినప్పుడు (1962) పెద్ద చిక్కే వచ్చిపడింది. అది ఎన్టీఆర్‌కి వందో సినిమా, ఏఎన్నార్‌కి తొంభై తొమ్మిదోది. టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు వెయ్యాలి? ఈయన పేరు ముందుంటే ఆయన అభిమానులూరుకోరు. ఆయన పేరు ముందుంటే ఈయన అభిమానులూరుకోరు. చివరికి ఏం చేశారో తెలుసా? నటుల పేర్లు వెయ్యడం మానేసి ఫొటోలు చూపించారు. తెరమీద ఆ ఇద్దరూ కలిసి నటించినవి డజనుకు పైనే. వాళ్లకి లేని తగాదా కోసం ఒక సినిమా తన టైటిల్స్‌నే మార్చుకోవాల్సి వచ్చింది.

1977 సంక్రాంతికైతే మహాభారతమే రెండు ముక్కలైంది. ఒకేరోజు, జనవరి 14న ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ', కృష్ణ 'కురుక్షేత్రం' విడుదలయ్యాయి. ఆ తెరమీద ఒక కురుక్షేత్రం, ఈ తెరమీద ఒక కురుక్షేత్రం, థియేటర్ల బయట ముచ్చటగా మూడోది. అప్పుడు తలలు పగలగొట్టుకున్నవాళ్లు అయిదేళ్లు తిరిగేసరికి ఏం చూశారు? 'వయ్యారి భామలు వగలమారి భర్తలు'లో ఎన్టీఆర్, కృష్ణ ఇద్దరూ కలిసి నటించారు. హీరోలు రాజీపడటానికి ఒక కథ చాలు. అభిమానుల తలమీద పడ్డ కుట్లకి మాత్రం రాజీ లేదు.

అయితే అప్పట్లో ఆ గొడవలకి ఒక హద్దుండేది. సినిమా వంద రోజులో, యాభై రోజులో ఆడేది. ఆ తర్వాత పోస్టరు చిరిగిపోయేది, కోపమూ చల్లారేది. మళ్లీ సినిమా వచ్చేదాకా అందరూ ఎవరి పనుల్లో వాళ్లుండేవారు. ఆ విరామాన్ని లేకుండా చేసింది టీవీ. రోజూ రాత్రి ఇంట్లోకొచ్చేవాళ్లకి అభిమానులు తయారైతే ఇంక శతదినోత్సవం ఎక్కడిది? గొడవకి సెలవెక్కడిది?

* తీసెయ్యడానికి ఓటు లేదు

నెదర్లాండ్స్‌లో 1999లో 'బిగ్ బ్రదర్' అనే కార్యక్రమం మొదలైంది. కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి, చుట్టూ కెమెరాలు బిగించి, వాళ్లు తినడం, తిట్టుకోవడం, ఏడవడం అన్నీ చూపించడమే ఆట. అది దేశదేశాలు తిరిగి 2006లో హిందీలో 'బిగ్ బాస్' అయింది. 2017లో ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా తెలుగులోకి వచ్చింది. తర్వాత ఒక సీజన్‌కి నాని, ఆ తర్వాత నుంచి నాగార్జున.

ఇందులో ఓటు పద్ధతిని కాస్త పట్టి చూడాలి. వారం మొదట్లో ఇంట్లోవాళ్లే ఒకరినొకరు నామినేట్ చేసుకుంటారు. ఆ జాబితాలో ఉన్నవాళ్లకి ప్రేక్షకులు ఫోన్లో ఓట్లేస్తారు. తక్కువ వచ్చినవాళ్లు వారాంతంలో ఇల్లు విడిచి వెళ్తారు. అంటే ఓటు కాపాడటానికే తప్ప తీసెయ్యడానికి కాదు. నచ్చనివాణ్ని బయటికి పంపాలంటే ఏంటి దారి? వాడికి ఎవరూ ఓటెయ్యకుండా చూడటమే! అంటే వాడి పరువు తియ్యాలి. వాడు ఏడిస్తే నటనని ప్రచారం చెయ్యాలి. నవ్వితే పొగరనాలి. రెండూ చెయ్యకపోతే 'ఆటే ఆడటంలేదు' అనాలి. ఓటుతో చెయ్యలేని పనిని నోటితో చెయ్యడమన్నమాట.

అందుకే సినిమా అభిమానంకంటే దీని వేడి ఎక్కువ. సినిమా హీరోకి అభిమాని ఓటుతో పనిలేదు. ఇక్కడ 'నేను లేకపోతే మా అన్న ఈ వారం ఇంటికే' అనే భయం ప్రతి అభిమానికీ ఉంటుంది. హనుమకొండలో పదిమంది విద్యార్థులు కలిసున్న గదిలోకి రాత్రి తొమ్మిదిన్నరకి తొంగిచూస్తే చాలు.

'మీవోడు ఏడ్చుడు తప్ప ఇంకేం చేసిండు?'

'మరి మీవోడు? గేమే ఆడలే!'

ఇలా మొదలవుతుంది. పది నిమిషాల్లో మాట ఆటని దాటి కులం, ఊరు, యాస, అమ్మానాన్నల దగ్గరికి వెళ్తుంది. ఒకే కుక్కర్‌లో అన్నం వండుకునేవాళ్లు ఆ రాత్రి విడివిడిగా తింటారు.

2018లో రెండో సీజన్ నాటికే ఇది ముదిరింది. కౌశల్ కోసం 'కౌశల్ ఆర్మీ' పేరుతో అభిమానులు దండుకట్టారు. అతనికి మద్దతుగా హైదరాబాద్‌లో నడక కూడా నిర్వహించారు. అతనితో వాదనకు దిగిన ఇంటిసభ్యుల్నే కాదు, వ్యాఖ్యాత నానిని సైతం వదల్లేదు. తనకు పక్షపాతం లేదని ఆయన ట్విటర్‌లో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. కౌశల్ గెలిచాడు. కొద్దినెలలకే ఆ సైన్యంలోని కొందరూ అతనూ టీవీ చర్చల్లో ఎదురెదురుగా కూర్చుని ఆరోపణలు, ఖండనలు చేసుకున్నారు. సైన్యమంటూ ఒకటి తయారయ్యాక దానికి ఎప్పుడూ ఒక శత్రువు కావాలి. బయట దొరక్కపోతే లోపలే వెతుక్కుంటుంది.

* గెలిచిన మూడో రోజున

సిద్దిపేట జిల్లా గజ్వేల్ దగ్గర కొల్గూరు. ఆ ఊరి పల్లవి ప్రశాంత్ పొలం పనుల వీడియోలతో కాస్త పేరు తెచ్చుకున్న యువకుడు. బిగ్ బాస్‌లో అవకాశం కోసం అన్నపూర్ణ స్టూడియో చుట్టూ తిరిగాడు. 2023 సెప్టెంబరులో ఏడో సీజన్‌లో 'రైతుబిడ్డ'గా లోపలికి అడుగుపెట్టాడు. ఎదుట ఉన్నది ఎవరు? అప్పటికే 'జానకి కలగనలేదు' సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన అమర్‌దీప్. ఇల్లు రెండు జట్లయింది. ఒకవైపు సీరియల్ వాళ్లు, మరోవైపు ప్రశాంత్, శివాజీ, యావర్. ఇంటి బయట ప్రేక్షకులూ అలాగే విడిపోయారు. పల్లె-పట్నం, పేద-పెద్ద, కొత్తవాడు-పేరున్నవాడు... మన మధ్య ఉన్న పాత గీతలన్నీ ఆ ఒక్క ఇంటి గోడమీదికి ఎక్కాయి.

డిసెంబరు 17, ఆదివారం రాత్రి. ఫైనల్. ప్రశాంత్ విజేత, అమర్‌దీప్ రన్నరప్. ప్రైజ్‌మనీ 35 లక్షల రూపాయలు. జూబ్లీహిల్స్‌లో స్టూడియో బయట వేలమంది. ఇద్దరి అభిమానుల మధ్య గొడవ రేగింది. అమర్‌దీప్ కుటుంబంతో కలిసి వెళ్తున్న కారు అద్దాలు పగిలాయి. ఇతర పోటీదారుల కార్లనీ వదల్లేదు. అంతటితో ఆగలేదు... దారిన పోతున్న ఆర్టీసీ బస్సుల మీద రాళ్లు పడ్డాయి.

ఆ బస్సులు ఏ జట్టు? వాటిలో కూర్చున్నవాళ్లు ఎవరి అభిమానులు? డ్యూటీ దిగి ఇంటికెళ్లాల్సిన డ్రైవరు ఎవరికి ఓటేశాడు? మహిళలకు ఉచిత ప్రయాణం మొదలై అప్పటికి ఎనిమిది రోజులు. ఎన్నడూ లేనంతమంది ఆడవాళ్లు బస్సులెక్కుతున్న రోజులవి. అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ అభిమానం పేరుతో ఇలాంటి పనులేమిటని ఆగ్రహించారు. పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది.

ఆ తర్వాతి కథ ఇంకా విచిత్రం. పోలీసులు వద్దన్నా ప్రశాంత్ తిరిగొచ్చి ఊరేగింపుగా వెళ్లాడనీ, దాంతో పరిస్థితి అదుపు తప్పిందనీ అభియోగం. తానెక్కడికీ పారిపోలేదనీ ఇంటిదగ్గరే ఉన్నాననీ అతను వీడియోలో చెప్పుకున్నాడు. డిసెంబరు 20న కొల్గూరులోని ఇంటి దగ్గరే అరెస్టు చేశారు. కోర్టు రిమాండ్ విధించింది. చంచల్‌గూడ జైలుకు తరలించారు. రెండ్రోజుల తర్వాత బెయిల్ వచ్చింది.

నూటఅయిదు రోజులు ఆ ఇంట్లో ఫోను లేకుండా, వార్త లేకుండా ఉన్న మనిషి అతను. బయట తన పేరుమీద ఎంత యుద్ధం జరుగుతోందో తెలిసే అవకాశమే లేదు. ఆదివారం రాత్రి ట్రోఫీ అందుకున్నవాడు బుధవారం రాత్రికి జైలుకి చేరాడు. శత్రువులు అంత పని చెయ్యలేకపోయారు. చేసింది ప్రేమించినవాళ్లే.

అతనికి లాయర్లు దొరికారు, బెయిలూ వచ్చింది. ఆ కేసులో పట్టుబడ్డ మిగతా కుర్రాళ్ల సంగతేంటి? వాళ్లలో మైనర్లు కూడా ఉన్నారు. ప్రజల ఆస్తి ధ్వంసం చేస్తే 1984 నాటి చట్టం ప్రకారం అయిదేళ్ల వరకూ జైలుశిక్ష పడొచ్చు. శిక్ష సంగతి అలా ఉంచండి. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో తెల్లారకముందే పరుగులు తీసే కుర్రాళ్లని అడిగితే తెలుస్తుంది, కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికయ్యాక మీమీద కేసులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న ఎంత బరువైనదో! పాస్‌పోర్టుకి వెళ్లినా అదే ప్రశ్న. ఒక్క రాయికి అంత ఖరీదు.

* రెండు బొమ్మల పరీక్ష

ఇంతకీ పక్కవాడంటే అంత కోపం ఎందుకొస్తుంది? బ్రిటన్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో బ్రిస్టల్ నగరంలోని స్కూలు పిల్లలమీద ఒక ప్రయోగం చేశాడు. వాళ్లంతా పధ్నాలుగు పదిహేనేళ్ల మగపిల్లలు, ఒకరికొకరు తెలిసినవాళ్లే. పాల్ క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి 'మీకేవి నచ్చాయి?' అనడిగాడు. ఆ తర్వాత 'నువ్వు క్లే జట్టు', 'నువ్వు కాండిన్‌స్కీ జట్టు' అని చెప్పాడు. నిజానికి ఆ విభజనకీ పిల్లల ఇష్టానికీ సంబంధం లేదు. చిత్తొచ్చినట్టు విడగొట్టాడంతే. ఎవరు ఏ జట్టో ఒకరిది ఒకరికి తెలియనివ్వలేదు కూడా.

అప్పుడు కొంత డబ్బుని ఇద్దరికి పంచమన్నాడు, ఒకరు తన జట్టువాడు, ఇంకొకరు అవతలి జట్టువాడు. పిల్లలు తమ జట్టువాడికే ఎక్కువిచ్చారు. అది సహజమే అనుకోవచ్చు. ఆశ్చర్యం ఎక్కడంటే, తమవాడికి గరిష్ఠంగా డబ్బొచ్చే మార్గం ఎదుటే ఉన్నా చాలామంది దాన్ని వదులుకున్నారు. ఎందుకంటే అందులో అవతలివాడికీ ఎక్కువొస్తుంది మరి. మనవాడికి కాస్త తగ్గినా ఫర్వాలేదు, అవతలివాడికి ఇంకా తగ్గాలి. అదీ లెక్క!

అంతకుముందు పేరైనా వినని చిత్రకారుల కోసమే పిల్లలు అంత పని చేస్తే, నూరు రోజులపాటు రోజూ రాత్రి గంటన్నర చూసిన మనిషి కోసం ఏం చెయ్యరు? తమవాడు గెలిచినా ప్రశాంత్ అభిమానుల్లో కొందరికి ఆ రాత్రి పండగ చాలకపోవడానికి కారణం ఇందులో దొరుకుతుంది. గెలుపు సరిపోదు. అవతలివాడు ఓడినట్టు కనపడాలి, కారు అద్దం పగిలినట్టు వినపడాలి.

ఇంకోటీ ఉంది. తారమీద అభిమానం ఒకవైపు దారిలాంటిది. ఎంత ప్రేమించినా అటునుంచి జవాబు రాదు. అభిమాని పేరు కూడా ఆయనకి తెలీదు. మరి ఆ ప్రేమని ఎవరికి చూపించుకోవాలి? దొరికేది పక్కవాడే. వాడితో పోట్లాడితే 'నా అభిమానం ఇంత' అని రుజువు చేసుకున్నట్టుంటుంది. తెరమీది మనిషిని ముట్టుకోలేం. పక్కవాడి కాలరు మాత్రం చేతికందుతుంది.

* గుర్రాల నుంచి కత్తుల దాకా

ఇది తెలుగువాడి పిచ్చి మాత్రమే అనుకుంటే పొరపాటు. క్రీస్తుశకం 532లో, ఇప్పటి ఇస్తాంబుల్‌లో రథాల పందేల అభిమానులు నీలం జట్టు, ఆకుపచ్చ జట్టుగా చీలిపోయి ఉండేవారు. ఆ జట్ల తగవులతో మొదలైన అల్లరి చక్రవర్తి మీద తిరుగుబాటుగా మారి వారం రోజుల్లో సగం నగరాన్ని తగలబెట్టింది. సైన్యం దిగాక ముప్ఫైవేల మంది చనిపోయారని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు.

అంత దూరమెందుకు? 2016 ఆగస్టులో తిరుపతికి చెందిన ఒక పవన్‌కల్యాణ్ అభిమాని కర్ణాటకలోని కోలార్ వెళ్లాడు. వెళ్లింది అవయవదానం మీద జరిగిన కార్యక్రమానికి. అక్కడ మరో హీరో అభిమానితో 'మా హీరో గొప్ప' అనే దగ్గర మాటామాటా పెరిగింది. కత్తిపోటుకి గురై చనిపోయాడు. పవన్‌కల్యాణ్ తిరుపతి వెళ్లి ఆ తల్లిదండ్రుల్ని ఓదార్చారు. ఎంతటి హీరో వచ్చి చెయ్యి పట్టుకున్నా, చెట్టంత కొడుకు తిరిగిరాడు కదా.

* ఆట ఆటగా ఉండాలంటే

ఆ తర్వాతి ఏడాది, 2024 డిసెంబరులో ఎనిమిదో సీజన్ ఫైనల్‌కి పోలీసులు ముందే మేల్కొన్నారు. స్టూడియో పరిసరాల్లో ఎవరూ గుమిగూడొద్దన్నారు. బందోబస్తు పెట్టారు. అది వీధికి మందు. ఇళ్లల్లో, గదుల్లో, ఫోన్లలో జరిగే యుద్ధానికి ఏ పోలీసూ రాడు. ఆ మందు ఎవరికి వాళ్లే వేసుకోవాలి.

అదేమంత కష్టం కాదు. ఆ ఇంట్లో నెలల తరబడి తిట్టుకున్నవాళ్లు బయటికొచ్చాక అదే ఛానెల్ పండగ కార్యక్రమంలో కలిసి స్టెప్పులేస్తారు. అది చూసి అభిమానులు 'అంతా నాటకమా' అని ఉసూరుమంటారు. ఉసూరుమనక్కర్లేదు, నేర్చుకుంటే చాలు. వాళ్లకది పని. పని అయిపోయాక కోపాన్ని అక్కడే వదిలేసి వచ్చారు. చూసినవాళ్లే దాన్ని ఇంటికి మోసుకొచ్చారు.

ఇంట్లో పెద్దవాళ్లూ ఒక మాట గమనించాలి. పిల్లాడు టీవీ చూసి తిడుతుంటే 'వయసులే' అని నవ్వేసుకుంటాం. ఆటను తిడితే నవ్వొచ్చు. ఆటగాడి తల్లినో చెల్లినో తిడుతున్నాడంటే అక్కడే ఆపాలి. రాయి చేతికి రావడానికి ముందు మాట నోటికి వస్తుంది.

అభిమానం వద్దనడం సరికాదు. తెలుగునేల మీద అదే అభిమానం ఎన్నో ప్రాణాల్ని నిలబెట్టింది. చిరంజీవి 1998లో బ్లడ్‌బ్యాంకు పెడితే అభిమానులు వరసకట్టి రక్తమిచ్చారు. ఎన్టీఆర్ భార్య బసవతారకం పేరుమీద 2000లో హైదరాబాద్‌లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రికి బాలకృష్ణ ఛైర్మన్. సంక్రాంతికి కొట్టుకునే రెండు జట్ల పేర్లూ అక్కడ ప్రాణం పోసే పనిలో ఉన్నాయి.

ఆసుపత్రిలో పడుకున్నవాడికి రక్తం ఎక్కించేముందు గ్రూపు చూస్తారు. ఇచ్చినవాడు ఎవరి అభిమాని అని ఇప్పటిదాకా ఏ నర్సూ అడగలేదు.